లాక్టోజ్ ఫ్రీ పెరుగు మోసమా? ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత

వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ఫార్వర్డ్ సారం ఇది: "తోడు పెడితే పాలలోని లాక్టోజ్ అంతా పోతుంది. పాలు పడనివాళ్లు మామూలు పెరుగు ఎంతైనా తినొచ్చు. లాక్టోజ్ ఫ్రీ పేరుతో కంపెనీలు కెమికల్, చక్కెర కలిపి అమ్ముతున్నాయి, డబ్బా వెనక షుగర్స్ చూడండి. అంతగా కావాలంటే మందుల షాపులో లాక్టేజ్ చుక్కలు కొని పెరుగులో కలుపుకోండి."

అంతా పోతుందా? పోదు. లాక్టోజ్ అంటే పాలలో సహజంగా ఉండే చక్కెర. 100 గ్రాముల ఆవుపాలలో అది సుమారు 4.7 గ్రాములు ఉంటుంది. తోడులోని బాక్టీరియా అందులో పావువంతో, మూడోవంతో తిని లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. ఆ పులుపు పెరిగేకొద్దీ దాని పనే మందగిస్తుంది. కమ్మటి పెరుగులో 3 గ్రాములకు పైనే మిగులుతుంది. పుల్లపెరుగులో ఇంకాస్త తగ్గుతుందే తప్ప సున్నా కాదు.

మరి పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుందిగా? పడుతుంది, ఫార్వర్డ్‌ను జనం నమ్మేది అందుకే. కారణం మాత్రం వేరు. పెరుగులో బతికున్న బాక్టీరియా పేగులోకి వెళ్లాక కూడా కొంత లాక్టోజ్‌ను విడగొడుతుంది. పైగా లాక్టోజ్ పడనివాళ్లలో ఎక్కువమంది ఒక్కసారికి 12 గ్రాముల దాకా తట్టుకుంటారు. చిన్న గిన్నెడు పెరుగు ఆ లెక్కకు లోపలే. 100 గ్రాముల పెరుగులో 300 మి.లీ. నీళ్లు పోసి చిలికితే, 200 మి.లీ. మజ్జిగ గ్లాసులో 2 గ్రాములకు మించి రాదు. కాబట్టి తప్పంతా 'ఎంతైనా' అన్న మాటలో ఉంది. కొంచెం తిన్నా కడుపు ఉబ్బరించేవాళ్లకే లాక్టోజ్ ఫ్రీ పెరుగు అవసరం. మిగతావాళ్లు అంత ధర పెట్టక్కర్లేదు.

వాళ్లు 'కెమికల్' అంటున్నది లాక్టేజ్ ఎంజైమ్‌ను. మన చిన్నపేగులో ఉండాల్సింది కూడా లాక్టేజే, అది తక్కువైనవాళ్లకే లాక్టోజ్ పడదు. కంపెనీలు దాన్ని ఎక్కువగా ఈస్ట్ నుంచి తీస్తాయి. అది లాక్టోజ్‌ను గ్లూకోజ్, గాలక్టోజ్‌లుగా విడగొడుతుంది. ఆ రెండూ లాక్టోజ్ కన్నా తీపి కనుక చక్కెర వేయకపోయినా తియ్యగా తగులుతుంది. విడిపోయినా అవి చక్కెరలే, అందుకే డబ్బా మీద షుగర్స్ 4, 5 గ్రాములు కనిపిస్తాయి. చూడాల్సింది దాని కింద ఉండే 'యాడెడ్ షుగర్స్' వరస: అక్కడ 0 ఉండాలి. షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు మాత్రం మామూలు పెరుగులాగే లెక్కేసుకోవాలి.

పదార్థాల జాబితా ఇంత పొట్టిగా ఉంటే చాలు: పాలు, లాక్టేజ్, కల్చర్ (అంటే తోడు బాక్టీరియా). పాల పొడి ఉన్నా భయం లేదు, చిక్కదనానికి వేస్తారు. మాడిఫైడ్ స్టార్చ్ (1442), పెక్టిన్ (440) కనిపిస్తే, అవి ప్రమాదమని కాదు గానీ, పాలతో రావాల్సిన గట్టిదనం వీటితో తెచ్చారని అర్థం. పండ్ల రుచుల డబ్బాల్లో చక్కెర తరచూ జాబితాలో రెండో స్థానంలో ఉంటుంది. బరువును బట్టి వరస రాస్తారు కనుక ఎంత వేశారో మీకే తెలుస్తుంది.

పాల ఎలర్జీ సంగతి వేరు. అది ప్రొటీన్‌తో వచ్చేది, లాక్టోజ్ తీసేసినా ప్రొటీన్ అక్కడే ఉంటుంది. గాలక్టోసీమియా (గాలక్టోజ్‌ను ఒళ్లు వాడుకోలేని పుట్టుజబ్బు) ఉన్న పిల్లలకూ ఈ పెరుగు పెట్టకూడదు.

ఇక చుక్కలు. ఈస్ట్ నుంచి తీసిన లాక్టేజ్ పులుపులో పనిచేయదు, కాబట్టి తోడుకున్న పెరుగులో వేస్తే దండగ. పాలలోనే వేయాలి, అదీ కాచి పూర్తిగా చల్లార్చాక. వేడి పాలలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. సీసా మీద చెప్పినన్ని చుక్కలు వేసి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత గోరువెచ్చగా చేసి అర లీటరుకు ఒక చెంచా తోడు వేయండి. మామూలు పెరుగు తోడైనా ఫర్వాలేదు, చెంచాడులో ఉండే లాక్టోజ్ 0.2 గ్రాములే. కొన్న లాక్టోజ్ ఫ్రీ ప్యాకెట్ పాలతో తోడు పెడితే పెరుగు కొంచెం పలచగా రావచ్చు. ఆ పాలు చాలావరకు అధిక వేడిమీద శుద్ధి చేసినవి, గడ్డ అంత బిగుతుగా కట్టదు.