కికుయు గడ్డి వెనక కికుయు మనుషులు

దక్షిణాఫ్రికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఒక పాడి రైతుని కికుయు అంటే ఏమిటని అడగండి. గడ్డి అంటాడు. కొలంబియా కొండల్లో ఆవులు ఎక్కువగా మేసేది అదే. కాలిఫోర్నియాలో గోల్ఫ్ మైదానాల్లో పచ్చగా పరుచుకునేది, తోటల్లో పీకినా పోని కలుపుగా విసిగించేది కూడా అదే. కెన్యా మధ్య భాగంలో మాత్రం కికుయు అంటే మనుషులు. 2019 జనగణన ప్రకారం 81 లక్షల మంది, ఆ దేశంలో అతి పెద్ద జాతి. వాళ్లు తమను అగికుయు అని చెప్పుకుంటారు. ముకుయు అనే మేడి జాతి చెట్టు నుంచి ఆ పేరు వచ్చిందంటారు. బ్రెజిల్‌లో రోజూ ‘నెలోరే’ పశువుల గురించి మాట్లాడేవాళ్లలో మన నెల్లూరు ఎక్కడుందో ఎంతమందికి తెలుసు? ఇదీ అలాంటిదే.

గడ్డి మీద పరిశోధనకు లోటు లేదు. దాని శాస్త్రీయ నామం సెంక్రస్ క్లాండెస్టినస్. మనం తినే సజ్జ, మన రైతులు పశువులకు వేసే నేపియర్ కూడా ఇదే ప్రజాతి. క్లాండెస్టినస్ అంటే దాగి ఉన్నది. పువ్వు ఆకు ఒరలోనే దాక్కుంటుంది, కేసరాలు మాత్రం తెల్లటి దారాల్లా బయటికొస్తాయి. గరికలాగే కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. ఎంత మేసినా, తొక్కినా మళ్లీ లేస్తుంది. నత్రజని బాగా అందితే విరగబడి పెరుగుతుంది. సోడియం తక్కువ, కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి పాడి పశువులకు లవణాలు విడిగా ఇవ్వాలి. ఇదంతా పనికొచ్చే జ్ఞానమే. కానీ ఆ గడ్డికి పేరిచ్చిన మనుషుల చరిత్ర ఈ పరిశోధనలో దాదాపు కనిపించదు. అది చిన్న లోపం కాదని నా నమ్మకం.

ఎందుకంటే ఈ గడ్డి దట్టమైన అడవిలో పెరగదు. అడవి కొట్టి, నేలను బాగుచేసిన చోట, ఎర్రటి సారవంతమైన కొండ నేలల్లో బలిసిపోతుంది. అడవి అంచును తరతరాలుగా నరికి సాగులోకి తెచ్చింది కికుయు రైతులే. అక్కడ గడ్డి పరుచుకుందంటే ఎవరో ఒకప్పుడు ఆ నేల మీద చెమటోడ్చారని అర్థం. 1890ల చివర్లో కరువు, మశూచి, పశువుల మహమ్మారి ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. నైరోబీ పక్కనున్న కియాంబు ప్రాంతంలో చాలామంది పొలాలు వదిలి బంధువుల దగ్గరికి వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన తెల్లవాళ్లకు అది ఎవరిదీ కాని ఖాళీ నేలగా కనిపించింది. ప్రతి భూమికీ ‘మ్బరి’ అనే వంశం హక్కుదారుగా ఉంటుందని, తర్వాత కెన్యా తొలి అధ్యక్షుడైన కికుయు నేత జోమో కెన్యట్టా 1938లో పుస్తకం రాసి వివరించాల్సి వచ్చింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. కికుయు గడ్డి 1919లో ఆస్ట్రేలియా చేరింది. కెన్యాలో ఆఫ్రికన్ మగవాళ్లు ‘కిపాండే’ అనే గుర్తింపు పత్రాన్ని లోహపు డబ్బాలో పెట్టి మెడలో వేలాడదీసుకుని తిరగాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. దాన్ని ఎదిరించిన కికుయు నాయకుడు హ్యారీ తుకును 1922 మార్చిలో అరెస్టు చేశారు. విడిచిపెట్టమని నైరోబీలో గుమిగూడిన జనం మీద కాల్పులు జరిపారు. భూమి కోసం రగిలిన కోపమే 1952 నాటికి బ్రిటిష్ పాలన మీద మౌ మౌ తిరుగుబాటు అయింది. ఆ అణచివేతలో చిత్రహింసలు పడ్డ 5,228 మందికి పరిహారం ఇస్తామని బ్రిటన్ ఒప్పుకున్నది 2013లో.

ఈ రోజు కియాంబులో, న్యేరిలో చాలా కుటుంబాలకు ఎకరానికి మించి భూమి లేదు. ఆవును కొట్టంలోనే కట్టేసి, గట్టు మీద పెంచిన నేపియర్‌ని కోసి వేస్తారు. కికుయు గడ్డి దొరికేది ఎక్కువగా రోడ్డు పక్కనే. వేల ఎకరాల కికుయు బయళ్లు ఉన్నది వేరే ఖండాల్లో.