సందేహానికి జవాబెవరు చెబుతారు?

బుధవారం రాత్రి పదకొండున్నర. హాస్టల్ గదిలో ముగ్గురు కుర్రాళ్లు ఒకే ల్యాప్‌టాప్ ముందు మూగారు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కోర్సు అసైన్‌మెంట్‌కు గడువు ఇంకో అరగంటే. ఆ వారం వీడియోలు ఒక్కరూ చూడలేదు. జవాబులు టెలిగ్రామ్ గ్రూపులో పొద్దున్నే వచ్చేశాయి. వాటిని చూసి టిక్కులు పెట్టి, సబ్మిట్ కొట్టి పడుకున్నారు. ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవారెవరికీ ఇది కొత్త దృశ్యం కాదు.

పాఠాల్లో లోపముందా అంటే లేదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఈ పాఠాలను ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు చదివేవాళ్లు వెతుక్కుని మరీ చూస్తారు. ఈ కోర్సులు నడిచేది 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో; చేరడానికి పైసా కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా అందులోనే చేసుకోవచ్చని 2021లో యూజీసీ దారి కూడా వేసింది. అయినా విద్యార్థులు పెదవి విరుస్తున్నారు.

క్లాసులో ‘సార్, ఆ స్టెప్ మళ్లీ ఒకసారి’ అంటే అరనిమిషం పని. ఆన్‌లైన్‌లో అదే సందేహం రాసి పెడితే, బదులు వచ్చేసరికి పాఠం రెండు వారాలు ముందుకెళ్లిపోయి ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలైతే అసలు అడగనే అడగరు. ఇంగ్లిష్‌లో రాయాలంటే టెన్షన్, తప్పు రాస్తే అందరూ చూస్తారని సిగ్గు. మా దృష్టిలో తృప్తీ అసంతృప్తీ తేలేది ఇక్కడే. వీడియో నాణ్యత, యాప్ సోకు తర్వాతి మాట.

కాలేజీల్లో ఈ కోర్సులకు మెంటర్లు లేకపోలేదు. చాలాచోట్ల వాళ్లు కాగితం మీదే ఉన్నారు. ఎలక్టివ్ చెప్పే లెక్చరర్ దొరక్క, దొరికినా జీతమివ్వడం ఇష్టంలేక ‘ఆన్‌లైన్‌లో చేసేయండి’ అని చేతులు దులుపుకునే యాజమాన్యాలను చూస్తూనే ఉన్నాం. తీరా పాసయ్యాక ఆ క్రెడిట్లు మెమోలో ఎక్కించుకోవడానికి ఎగ్జామ్ బ్రాంచి చుట్టూ ప్రదక్షిణలు. వంద మార్కుల్లో 75 సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షవే కాబట్టి, టెలిగ్రామ్ జవాబుల అసలు విలువ ఆ రోజు హాల్లో తెలిసొస్తుంది.

దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇవాళ అంబేడ్కర్ పేరుతో నడుస్తున్నది అదే. పుస్తకాలు ఇంటికి పంపితే చాలనుకోలేదు వాళ్లు, ఊరూరా స్టడీ సెంటర్లు పెట్టారు. ఆరు రోజులు ఉద్యోగం చేసి సెలవునాడు సంచీతో అక్కడికి వెళ్లినవారికి, అడిగితే చెప్పే మనిషి ఎదురుగా ఉండేవాడు.

ఆన్‌లైన్ కోర్సుకు టైంటేబుల్లో వారానికి ఒక గంట కేటాయించాలి. ఆ గంటకు సబ్జెక్టు తెలిసిన లెక్చరర్‌ను కూర్చోబెట్టి, దాన్ని ఆయన పనిగంటల్లో లెక్కగట్టాలి. ఖర్చు పెద్దగా ఉండదు. ఆ గంట బుధవారానికి ముందే పడేలా చూస్తే ఇంకా మంచిది.