అనంతానికి మొరం ఎన్ని లారీలు?

మన రెండు రాష్ట్రాలనూ పట్టి పీడిస్తున్న ఒక సమస్యను మన మేధావులు ఇంతవరకు పట్టించుకోలేదు. కరెంటు, యూరియా, డీఎస్సీ అంటూ వాళ్లు ఆ పాత పాటే పాడుతున్నారు. ఇన్ఫినిటీ పూల్ కట్టుకోవాలంటే ఏ రకం నేలను ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పే నాథుడే లేడు. ఆ లోటు తీర్చే బాధ్యత నా నెత్తిన వేసుకుంటున్నాను. ఎవరూ అడగలేదు, నిజమే. గొప్ప సేవలన్నీ ఎవరూ అడక్కుండా చేసినవే.

తెలియనివాళ్లకు రెండు మాటలు. ఇన్ఫినిటీ పూల్ అంటే ఒక వైపు గట్టు లేనట్టు కనిపించే ఈత కొలను. గట్టు ఉంటుంది, కాకపోతే నీటిమట్టం కన్నా ఓ వెంట్రుకవాసి కిందకి ఉంటుంది. నీళ్లు దాని మీంచి పల్చటి పొరలా జారి, అవతల కనబడకుండా కట్టిన తొట్టిలో పడతాయి. మోటారు వాటిని మళ్లీ పైకి తోడుతుంది. లోపల ఈదేవాడికి మాత్రం నీళ్లు పోయి పోయి ఆకాశంలో కలిసినట్టు ఉంటుంది. సింగపూర్‌లో 57 అంతస్తుల హోటల్ నెత్తి మీద 2010 నుంచి ఇలాంటిదొకటి ఉంది. ఆ హోటల్లో దిగినవాళ్లనే అందులో ఈదనిస్తారు కాబట్టి, మనవాళ్లు చాలామంది కింద రోడ్డు మీద నిలబడి పైకి వేలు చూపిస్తూ ఫొటో దిగి వస్తారు. మా బావ అలా వేలు చూపించి వచ్చినవాడే. వచ్చిన నెలకే, చేవెళ్ల దారిలో తనకున్న ముప్పై గుంటల ఫామ్‌హౌస్‌లో పూల్ పని మొదలుపెట్టాడు.

"మనకేం తక్కువ బామ్మర్దీ?" అన్నాడు.

తక్కువేమీ లేదు. పైగా ఎక్కువే ఉంది. ఆ ముప్పై గుంటల్లో మూడు రకాల నేల ఉంది. పైభాగం బండ, మధ్యలో నల్లరేగడి, కింద మూడోది. ఆ మూడోదాని సంగతి అప్పట్లో ఎవరూ ఎత్తలేదు.

ముందు రేగడి. పత్తికి ప్రాణం, గోడకు గండం. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం దూడ కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చుతుంది. అందులో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం గుణం అది. ఇలాంటి చోట ఇల్లు కడితే గోడ బీటలు వారుతుంది, మనం కేలండర్ తగిలించి కప్పేస్తాం. కొలనుకు కేలండర్ తగిలించలేం. బీటలోంచి నీళ్లు నేలలోకి దిగుతాయి, నేల ఇంకా ఉబ్బుతుంది, బీట ఇంకా పెరుగుతుంది. రోజువడ్డీకి అప్పు తెచ్చినట్టే.

దీనికి విరుగుడు, రేగడి మొత్తం ఎత్తిపోసి, ఆ గోతిలో మొరం, అంటే గులక మట్టి నింపడం. ఒక్కసారిగా కుమ్మరిస్తే కుదరదు. అడుగులోపు మందంతో పొర పరచాలి, తడపాలి, రోలర్‌తో తొక్కించాలి, దాని మీద మళ్లీ పొర. ఇంకో దారి, అడుగున లోటా బోర్లించినట్టు ఉబ్బుగా ఉండే పైల్స్ దింపడం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు ఇలాంటి నేలల కోసమే వాటిని తయారుచేశారు. సుమారు 3.5 మీటర్ల లోతుకి వెళ్తే అక్కడ నేలకి వానా ఎండా పెద్దగా తెలియవు. రామప్ప గుడి కట్టినవాళ్లు 1213 నాటికే పునాది గోతిలో ఇసుక నింపి, దాని మీద అంత రాతి గుడిని నిలబెట్టారు. యునెస్కో 2021లో వచ్చి బాగుంది అని రాసుకుపోయింది. బావ పెట్టుకున్న పూల్ కన్సల్టెంట్‌కి ఈ ముక్క చెబితే టాబ్లెట్‌లోంచి తలెత్తి, "వాళ్లది పూల్ కాదు కదండీ" అన్నాడు. వాళ్లది పూల్ కూడా ఉంది. దాని దగ్గరకి తర్వాత వస్తాను.

మా బావ మొరం లారీలు లెక్కపెట్టడం నలభై దగ్గర మానేశాడు. ఇంత మొరం ఎక్కడిదని డ్రైవర్ని అడిగితే, "గుట్టది సార్" అన్నాడు. ఏ గుట్ట అని అడిగితే, "ఇప్పుడు లేదు సార్" అన్నాడు.

ఇక బండ. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దానికి మన గృహప్రవేశం ముహూర్తంతో పని లేదు. పేల్చాలంటే అనుమతులు కావాలి. అందుకని కంప్రెషర్‌తో బెజ్జాలు కొట్టి, వాటిలో నీళ్లలో కలిపిన ఒక పొడి పోస్తారు. అది చప్పుడు లేకుండా ఉబ్బి తెల్లారేసరికి బండను చీలుస్తుంది. మన బంధువుల్లో కొందరు సంసారాల్లో చేసే పని కూడా ఇదే. పూర్తిగా బండ మీద కడితే కొలనుకు అంతకన్నా గట్టి పునాది లేదు. కానీ బావకు సూర్యాస్తమయం కనబడాలి. సూర్యాస్తమయం కోసం కొలనును కిందకి జరిపితే సగం బండ మీద, సగం మొరం మీద పడింది. రెండు పడవల మీద కాళ్లు అంటారే, అది. బండ కదలదు, మొరం ఎంత తొక్కించినా ఓ పిసరు దిగుతుంది, రెండూ కలిసేచోట సరిగ్గా గీత గీసినట్టు చీలిక వస్తుంది. అక్కడ విడిగా జాయింట్ పెట్టాలి, లేదా బండను కూడా కొంత కొట్టేసి కిందంతా ఒకే రకం మెత్త వేయాలి. రెండోదే చేశారు. ఖర్చు నేను చెప్పను. అక్కకు ఇంకా తెలియదు.

కోనసీమ వాళ్లు అప్పుడే నవ్వకండి. అక్కడ రెండు గడ్డపారల లోతుకే నీళ్లు పడతాయి. అలాంటి చోట కొలను నిండుగా ఉన్నంతసేపు ఫరవాలేదు. శుభ్రం చేద్దామని ఖాళీ చేశారా, కింది నీటి ఒత్తిడికి కాంక్రీటు కొలను మొత్తం పడవలా పైకి లేవగలదు. అడుగున వాల్వు పెట్టించుకోండి. అయినా ఇన్ఫినిటీకి అంచు అవతల పల్లం కావాలి, డెల్టాలో పల్లం ఎక్కడుంది? భీమవరం చుట్టూ ఆకాశంలో కలిసిపోయే నీళ్లు ఇప్పటికే వేల ఎకరాలున్నాయి, రొయ్యలు ఈదుతున్నాయి. విశాఖ వాళ్లకు కొండా ఉంది, సముద్రమూ ఉంది, కాబట్టి వాళ్లకు చెప్పేదొకటే. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు 2014 నుంచి జాతీయ భూవారసత్వ సంపద. అక్కడ నేల ఎలా సిద్ధం చేయాలని నాకు ఉత్తరాలు రాయకండి.

అసలు పని నేల దగ్గర కాదు, అంచు దగ్గర. అంచు మీంచి జారే నీటి పొర 5, 6 మిల్లీమీటర్లు. కాబట్టి అంచు ఈ కొస నుంచి ఆ కొసకు 2 మిల్లీమీటర్లకు మించి తేడా రాకూడదు. 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు. అంటే 48 వేల లీటర్లు, పది ట్యాంకర్లు. నింపి మోటారు వేస్తే నీళ్లన్నీ ఎడమ మూల నుంచే కారాయి, జలుబు చేసిన ముక్కులా. మిగతా అంచంతా పొడి. లేజర్ పెట్టి చూస్తే తేడా 4 మిల్లీమీటర్లు. కన్సల్టెంట్ ఫోన్ ఎత్తడం మానేశాడు. మేస్త్రీ రసమట్టం పక్కన పడేసి, సన్నటి పారదర్శక పైపులో నీళ్లు నింపి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస నాకు ఇచ్చాడు. మూడు రోజులు. బుడగ లేకుండా పైపు పట్టుకుని, "ఆ... కొంచెం... ఆపు" అనిపించుకోవడం తప్ప ఆ మూడు రోజులూ నేను సాహిత్యానికి చేసిందేమీ లేదు.

అప్పుడొచ్చాడు నీరటి తాత. ఆ ఊరి చెరువుకు తరతరాలుగా తూము తెరిచి పొలాలకు నీళ్లు విడిచే ఇంటివాడు. భుజాన తువ్వాలు, చేతిలో పార. కాసేపు అంచు చూశాడు, కింది తొట్టి చూశాడు.

"గిది మత్తడే గద సారూ!" అన్నాడు.

బావ నొచ్చుకున్నాడు. "మత్తడి కాదు తాతా, వానిషింగ్ ఎడ్జ్."

"నిండినంక నీళ్లు మీదికెల్లి దుంకుతె మత్తడే."

మత్తడి అంటే కృష్ణాకు అవతలివాళ్లకు అలుగు. మా బావది మూడు రోజులుగా అలిగిన అలుగు. చెరువు నిండాక మిగులు నీళ్లు కట్ట తెగకుండా కిందికి దూకడానికి రాళ్లతో కట్టిన గోడ అది. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం కట్టింది ఈ లెక్కనే. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది దూకితే ఆ కింది చెరువుకు. గొలుసుకట్టు. మోటారు లేదు, ట్యాంకర్ లేదు. 2015లో మిషన్ కాకతీయ పెట్టినప్పుడు తెలంగాణలో 46 వేల పైచిలుకు చెరువులని లెక్క తేలింది. అన్ని ఇన్ఫినిటీ పూల్స్ సింగపూర్ మొత్తంలో లేవు. అంతెందుకు, అనంతపురానికి ఆ పేరు అనంతసాగరం అనే చెరువు నుంచే వచ్చింది. వానలు సరిగా పడని చోట చెరువు తవ్వి దానికి ఇన్ఫినిటీ అని పేరు పెట్టగల ధైర్యం విజయనగర కాలం వాళ్లది.

ఇప్పుడు మూడో రకం నేల. భూసార పరీక్షలో ఇది దొరకదు, పహాణీలో దొరుకుతుంది. పేరు శిఖం. చెరువు లోపలి భూమి. నీళ్లు తీసినప్పుడు పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దాని అవతల బఫర్, పది హెక్టార్లు దాటిన చెరువుకైతే 30 మీటర్లు, చిన్నదానికి 9. ఈ నేలను సిద్ధం చేసే పద్ధతి రేగడి కన్నా, బండ కన్నా చాలా తేలిక, కాబట్టి జాగ్రత్తగా వినండి. ముందు రాత్రిపూట కూల్చిన ఇళ్ల శిథిలాలు నాలుగు లారీలు దింపాలి. నెల తర్వాత ఇంకో పది. సర్వే నంబరుకు ఒక బై నంబరు పుట్టించాలి. పచ్చటి రేకులతో కంచె వేసి, గేటుకు లేక్ వ్యూ అని రాయించాలి. వ్యూ ఉన్న చోటే లేక్ కూడా ఉండాలని ఏ చట్టంలోనూ లేదు.

అయినా వానాకాలం చెరువు నిండితే? ఎఫ్‌టీఎల్‌ను నిర్ణయించేది మత్తడి ఎత్తు. కాబట్టి మత్తడికి ఓ మూల రెండడుగులు గండి కొడితే చెరువు ఇక ఎప్పటికీ నిండదు, గీత దానంతటదే వెనక్కి పోతుంది. మా బావ కొనకముందే ఎవరో ఆ పుణ్యం కట్టుకున్నారు. ఒక్క రాత్రి, ఒక్క జేసీబీ. ఇక్కడ మేం 2 మిల్లీమీటర్ల కోసం పైపు పట్టుకుని మూడు రోజులు నిలబడ్డామని మీకు గుర్తుండే ఉంటుంది.

2024 జూలైలో, చెరువుల్లో కట్టినవి కూల్చే హైడ్రా వచ్చిన దగ్గర్నుంచి బావకు కాస్త టెన్షన్ ఉంది. పేపర్లో ప్రొక్లెయిన్ ఫొటో కనబడితే పేజీ తిప్పేస్తాడు. అయితే ముప్పు అటు నుంచి రాలేదు. కింది ఆయకట్టు రైతులు చందాలు వేసుకుని, వేసవిలో మత్తడి గండిని రాళ్లతో, సిమెంటుతో పూడ్చుకున్నారు. భాద్రపదంలో నాలుగు రోజులు ముసురు పట్టింది.

ఐదో రోజు పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "అర్జెంటుగా రా, నువ్వు చూడాలి." వెళ్లాను. చెరువు నిండింది. నిండి, పచ్చటి రేకుల కింది నుంచి లోపలికొచ్చి, కింది తొట్టిని ముంచి, సరిగ్గా పూల్ అంచు దగ్గర ఆగింది. ఈ నీళ్లెక్కడ అయిపోయాయో, ఆ నీళ్లెక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. మధ్యలో అంచు ఏమాత్రం కనబడటం లేదు. దూరంగా, అర కిలోమీటరు అవతల మత్తడి తెల్లగా దూకుతున్న చప్పుడు. బావ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి వీడియో తీస్తున్నాడు. సింగపూర్‌లో కూడా ఇంత బాగా రాలేదన్నాడు.

నీరటి తాత గొడుగు వేసుకుని కట్ట మీంచి దిగి వచ్చాడు. పూల్ చుట్టూ ఒక తిరుగు తిరిగాడు, పారతో అక్కడక్కడా నీళ్లలో తడిమి చూశాడు.

"అంత మంచిగనే కట్టిన్రు గని సారూ," అన్నాడు, "తూము ఏడ వెట్టిన్రు?"