పేరు గొప్ప, యార్డు దిబ్బ

"ఆసియాలోకెల్లా అతిపెద్ద రైల్వే మార్షలింగ్ యార్డు ఏది?"

పోటీ పరీక్షల గైడు కొన్నవాడు ఈ బిట్టు నుంచి తప్పించుకోలేడు. పాత ఎడిషన్లలో జవాబు మొగల్‌సరాయ్. 2018 తర్వాతి వాటిలో పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్. జవాబు మారింది కదా, యార్డుకేమైనా అయిందేమోనని అభ్యర్థులు కంగారు పడనక్కర్లేదు. బోర్డు మారింది, అంతే. యార్డుకు కావలసింది అంతకు ముప్పై ఏళ్ల ముందే అయిపోయింది. అది సిలబస్‌లో లేదు.

చైనావాళ్లు తమ జెంగ్‌జౌ ఉత్తర యార్డు గురించి అచ్చంగా ఇదే మాట చెప్పుకుంటారు. అక్కడ రోజుకు కదిలే వ్యాగన్ల లెక్క పదివేలల్లో ఉంటుంది. మనది మంచి రోజుల్లో 5,000, తర్వాత దాదాపు 1,500. అయినా మన గైడు బెదరదు. "పొడవు 12.5 కిలోమీటర్లు" అంటుంది. నిజమే, పొడవు తగ్గదు. గాదెలో గిద్దెడు గింజలు మిగిలినా గాదె పొడవు గాదె పొడవే. కొలత టేపు పట్టుకుని ఊరేగవచ్చు.

ఇంతకీ మార్షలింగ్ అంటే ఏమిటని అడిగే బిట్టు మాత్రం కనపడదు. నాలుగు ఆప్షన్లలో ఇమడదు కనుక ఇక్కడే చెప్పుకుందాం.

మొగల్‌సరాయ్‌కి 1862 నాటికే ఈస్ట్ ఇండియన్ రైల్వే లైను వచ్చింది. 1887లో గంగ మీద వంతెన పడి కాశీ కలిసింది. 1906లో గయ మీదుగా గ్రాండ్ కార్డ్ లైను తెరిచారు. తూర్పు నుంచి పట్నా దారి ఒకటి, గయ దారి ఒకటి. పడమరకు అలహాబాదు వైపు ఒకటి, కాశీ దాటి లక్నో వైపు ఒకటి. ఝరియా, రాణీగంజ్ బొగ్గు పైకి వెళ్లాలన్నా, ఖాళీ వ్యాగన్లు గనులకు తిరిగి రావాలన్నా ఆ కూడలి దాటాలి. ఒక్కో గూడ్సులో పాతిక ఊళ్ల వ్యాగన్లు కలిసి వచ్చేవి. వాటిని విడదీసి, ఒక దిక్కుకు వెళ్లేవాటిని ఒక బండిగా కూర్చడమే మార్షలింగ్.

పని ఇలా సాగేది. బండి రిసెప్షన్ లైన్లో ఆగగానే ఇంజను విడిపోయి షెడ్డుకు పోతుంది. నంబర్ టేకర్ బండి పొడవునా నడుస్తూ ప్రతి వ్యాగన్ నంబరూ, లేబుల్ మీది గమ్యస్థానమూ రాసుకుంటాడు. టీఎక్స్ఆర్ (వ్యాగన్ల తనిఖీ) మనుషులు ఇరుసు పెట్టెలు తడిమి, వేడెక్కినదాన్ని సిక్ లైన్‌కు, అంటే మరమ్మతు లైన్‌కు, రాస్తారు. తర్వాత ఒక్కో వాక్యూం సిలిండరు దగ్గర తీగ లాగి బ్రేకు వదలాలి. ఒక్క తీగ మరిచారో, ఆ వ్యాగన్ వాలు మధ్యలో భీష్మించుకుని నిలబడుతుంది, వెనక వచ్చేది దాన్ని గుద్దుతుంది. స్క్రూ కప్లింగులు వదులు చేసి, కట్ లిస్టు ప్రకారం ఎక్కడెక్కడ విడదీయాలో చూసుకుని, వెనక నుంచి ఇంజను మనిషి నడక వేగంతో బండిని హంప్ మీదికి నెడుతుంది. హంప్ అంటే మూపురం, మన భాషలో దిబ్బ. దిబ్బ నెత్తిన కొక్కెం ఊడగానే వ్యాగన్ తన బరువుతో తానే అవతలి వాలు దొర్లుతుంది. క్యాబిన్‌లో పాయింట్లు తిప్పుతారు. ఇది ఏడో లైన్‌కు, అది పద్నాలుగుకు.

ఆ దొర్లే దాన్ని ఆపాలి కదా? ఆపడానికి పట్టాల పక్కన స్కిడ్ పోర్టర్ ఉండేవాడు. చేతిలో ఇనప స్కిడ్. వ్యాగన్ వచ్చేలోపు పట్టా మీద సరైన చోట దాన్ని పెట్టి తప్పుకోవాలి. చక్రం స్కిడ్ ఎక్కి, రాపిడితో జారి ఆగుతుంది. సరైన చోటు ఏదన్నది ఏ పుస్తకమూ చెప్పదు. ఖాళీ వ్యాగన్ ఎదురుగాలికే నీరసిస్తుంది. నిండు వ్యాగన్ ఊపు వేరు. రోలర్ బేరింగులు వచ్చాక అవి పాత ఇరుసుల కన్నా దూరం పరుగెత్తి పాత అంచనాలన్నీ తలకిందులు చేశాయి. పట్టా మీద మంచో నూనో ఉంటే స్కిడ్ సబ్బుబిళ్లలా జారుతుంది. మరీ ముందు పెడితే వ్యాగన్ ఫౌలింగ్ మార్కు (పక్క లైన్‌కు అడ్డం రాని హద్దు) దాటకుండానే ఆగి, పక్క లైన్లోకి వెళ్లే దాన్ని ఒరుసుకుంటుంది. ఆలస్యంగా పెడితే ముందున్న వాటిని గుద్ది లోపల సరుకు పిండి అవుతుంది.

ఇలాంటి చోట ఒక వ్యాగన్ లేబుల్ పోతే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. రెండు ఇరుసుల మూత వ్యాగన్, లోపల ఇరవై టన్నుల పైచిలుకు సిమెంటు. లేబుల్ అట్టముక్క వానకు నానిందో, మేక మేసిందో. నంబర్ టేకర్ "లేబుల్ లేదు" అని రాస్తాడు. గమ్యం లేనిదాన్ని ఏ లైన్‌కు దొర్లించాలి? దానికొక శాస్త్రీయ నామం ఉంది, అన్‌కనెక్టెడ్ వ్యాగన్. పక్కకు తోస్తారు. ట్రైన్స్ క్లర్కు కార్బన్ పెట్టి మూడు ప్రతుల్లో విచారణ పంపుతాడు. మూడో ప్రతిలో 3 అంకె 8లా పడుతుంది. ఆ 8 నంబరు వ్యాగన్ ఎక్కడో సుఖంగా ప్రయాణిస్తుంటుంది, విచారణ అందగానే దాన్నీ ఆపేస్తారు. ఇప్పుడు ఆగినవి రెండు. జవాబు వచ్చేసరికి మన వ్యాగన్‌కు పీఓహెచ్ (నిర్ణీత కాలానికోసారి చేసే పెద్ద మరమ్మతు) గడువు దాటిపోతుంది. టీఎక్స్ఆర్ వచ్చి సిక్ లేబుల్ అంటిస్తాడు. చూశారా, ఎట్టకేలకు దానికొక లేబుల్ దొరికింది! ఇక అది దిక్కులేని వ్యాగన్ కాదు, రోగిష్టి వ్యాగన్. వర్క్‌షాపుకు పంపాలంటే సరుకు వేరే వ్యాగన్‌లోకి మార్చాలి. మార్చిన వ్యాగన్‌కు లేబుల్ కట్టాలి. లేబుల్ మీద గమ్యం రాయాలి. గమ్యం? మళ్లీ మొదటికి. ఈలోగా ఒక వర్షాకాలం వెళ్లి, సిమెంటు బస్తాలు లోపల గోడ కట్టుకుంటాయి. క్లెయిముల ఆఫీసు వర్తకుడికి పరిహారం చెల్లించాక, ఓ మధ్యాహ్నం అసలు లేబుల్ చక్రం కింద దొరుకుతుంది.

కాబట్టి పాత యార్డును తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే బాపతు వ్యాసం కాదిది. 1980-81లో బ్రాడ్‌గేజ్ వ్యాగన్ ఒకసారి నిండి, ఖాళీ అయి, మళ్లీ నిండటానికి సగటున 15 రోజులు పట్టేది. ఆ రోజుల్లో చాలావాటిని తిన్నవి యార్డులే. అందుకే 1980ల మొదట్లో రైల్వే బ్లాక్ రేకు (విడదీయని పూర్తి బండి) మంత్రం పట్టుకుంది. గనిలో నిండిన బండి ఎక్కడా విడిపోకుండా కరెంటు కేంద్రం దాకా పోవాలి. అప్పుడే బాక్స్‌ఎన్ వ్యాగన్లు దిగాయి. 58 వ్యాగన్లు ఒక రేకు, సెంటర్ బఫర్ కప్లర్, ఎయిర్ బ్రేకు. వాక్యూం బ్రేకు వ్యాగన్లనూ వీటినీ ఒకే బండిగా కలిపి బ్రేకు వేయడం కుదరదు. కలపడం కుదరని చోట కలిపే యార్డుకేం పని? 2000-01 నాటికి 15 రోజులు 7.5కి దిగాయి, పదేళ్ల తర్వాత 5కి. బొగ్గుకు అది మంచిదే. ఒప్పుకుంటున్నాం.

కానీ ఆ దిబ్బ మీద దొర్లింది బొగ్గొక్కటే కాదు. ఒక వ్యాగన్ సరుకున్నవాడికి రైల్వేలో ఉన్న ఒకే ఒక్క ద్వారబంధం యార్డు. అది మూశాక ఆ వర్తకుడితో రైల్వే చెప్పిందేమిటి? రేకు నింపుకుని రావయ్యా అని. అంత సరుకు లేదా? మినీ రేకు ఉంది, 20 వ్యాగన్లు చాలు. అల్లుడికి జత బట్టలు కావాలంటే మగ్గం కొనుక్కోమన్నట్టు. వాడు లారీ మాట్లాడుకున్నాడు, మళ్లీ వెనక్కి చూడలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశపు సరుకులో సింహభాగం మోసిన రైలు వాటా 27 శాతానికి దిగిందని జాతీయ రైల్ ప్రణాళికే రాసుకుంది. 2030 నాటికి 45 చేస్తారట. ఒక వ్యాగన్ వాడిని గుమ్మంలోంచి పంపేసి, వాడి సరుకు మాత్రం 2030కల్లా తిరిగి వస్తుందని అంచనా.

కంటైనర్లున్నాయి కదా, పార్సిలుంది కదా అని రైల్వే అభిమాని లేస్తాడు. ఉన్నాయి. 1988లో పుట్టిన కాంకర్ (రైల్వే కంటైనర్ల సంస్థ) బండ్లలో ఎక్కువ భాగం రేవులకు వెళ్లి వచ్చే సరుకే. జపాను కూడా యార్డులు మూసింది. 1974లో కంప్యూటర్లతో నడిచే ముసాషినో యార్డు కట్టి, 1984లో, పదేళ్లకే, తాళం వేసింది. కాకపోతే 5 టన్నులు పట్టే బుల్లి కంటైనర్లతో చిన్న వర్తకుడికి కిటికీ అయినా వదిలింది. మనం కిటికీ కూడా ఇటుకలతో కట్టేసి, ఆ గోడ పొడవు గైడులో అచ్చేశాం.

సరే, గైడు రాసే పెద్దమనిషీ, 12.5 కిలోమీటర్లని రాశావు కదా, ఆ 12.5 కిలోమీటర్లూ రాత్రిళ్లు లాంతరు పట్టుకుని నడిచిందెవరో కూడా రాయి. జనవరి మంచులో, చెయ్యి చాపితే చెయ్యి కనపడనప్పుడు, చప్పుడే చేయకుండా దొర్లి వచ్చే వ్యాగన్ కింద స్కిడ్ పెట్టిన వాళ్ల వేళ్లు ఏమయ్యాయో రాయి. రెండు బఫర్ల మధ్య నడుం వంచి దూరి, బరువైన స్క్రూ లింకు ఎత్తి కొక్కేనికి తగిలించే మనిషిని రాయి. అవతల ఇంజను ఒక్క అడుగు కదిలితే వాడు మనిషిగా ఉండడు. ఇదంతా పాతకాలం కథ అనుకుంటున్నావేమో. 2024 నవంబరులో బరౌనీ జంక్షన్‌లో ఎక్స్‌ప్రెస్ బండి ఇంజను విడదీస్తూ ఒక పోర్టరు ఇంజనుకూ పెట్టెకూ మధ్య నలిగి చచ్చిపోయాడు. ఆ ఫొటో దేశమంతా ఫోన్లలో చూసింది, రెండు రోజులకు కిందికి తోసేసింది. ఆసియాలోకెల్లా అతిపెద్దది మన సిగ్గులేనితనం. దానికి బిట్టు పెట్టు.

ఈ బిట్టు బట్టీ పట్టేవాళ్లలో ఎక్కువమంది రైల్వే లెవల్-1 పరీక్షకు కూర్చునేవాళ్లే. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పు జవాబుకు మూడోవంతు మార్కు కోత. నెగ్గినవాళ్లకు దొరికే కొలువుల్లో పాయింట్స్‌మన్-బి ఒకటి. కప్లింగు తగిలించడం, విడదీయడం ఆ కొలువు పనే. అన్నయ్య వాడిన పాత గైడు చేతికొచ్చినవాళ్లు మొగల్‌సరాయ్ కొట్టేసి, పక్కన పెన్నుతో కొత్త పేరు రాసుకోవాలి. 12.5 అలాగే ఉంచవచ్చు.