ముందుగా పలకరించేది ఎవరు?

ఏటా జులై, ఆగస్టు నెలల్లో మన విశ్వవిద్యాలయాల పరిపాలనా భవనాల ముందు ఒకే దృశ్యం కనిపిస్తుంది. కొత్త బకెట్టు, చుట్టచుట్టిన పరుపు, బట్టల సంచి పక్కన పెట్టుకొని ఒక అమ్మాయి చెట్టు నీడన కూర్చొని ఉంటుంది. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, మీసేవలో తెచ్చుకున్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు, వాటి జిరాక్సు ప్రతులు సర్దిన ఫైలు చేతబట్టుకొని తండ్రి వరుసలో నిలబడి ఉంటాడు. కిటికీ అవతలి నుంచి ఆయనకు వినిపించే మొదటి మాట "ఒరిజినల్స్ ఏవి?" అని. రెండోది, చాలాసార్లు, "రేపు రండి" అని. ఆ ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన తొలి మనిషి ఆ అమ్మాయే కావచ్చు. చుట్టాలు, ఇరుగుపొరుగు వారు సంతోషంతో సాగనంపిన ఆ పిల్ల కోసం ఇక్కడ ఎవరూ ఎదురుచూడటం లేదు.

కొత్తగా వచ్చిన విద్యార్థిని ఎవరో ఒకరు పలకరించి తీరతారు. ఆ పని సంస్థ చేయకపోతే సీనియర్లు చేస్తారు, కులం పేరుతో కట్టిన గుంపులు చేస్తాయి, సభ్యత్వాల లెక్క చూసుకొనే సంఘాలు చేస్తాయి. ముందుగా పలకరించిన వారికే ఆ విద్యార్థి మొదటి ఏడాది చిక్కుతుంది. స్వాగతం అంటే వేదిక మీద పూలగుచ్ఛాలు ఇచ్చి ఫొటోలు దిగే లాంఛనమని మన విద్యాసంస్థలు అనుకున్నంత కాలం, ర్యాగింగ్ మీద ఎన్ని చట్టాలు తెచ్చినా అవి ఆస్పత్రిలోనో పోలీసు స్టేషన్‌లోనో అక్కరకు వచ్చే కాగితాలుగానే మిగులుతాయి.

చట్టాల చరిత్ర పాఠకులకు తెలిసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. 2001లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 2007లో ఆర్.కె. రాఘవన్ కమిటీ నివేదిక వచ్చింది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో మొదటి ఏడాది విద్యార్థి సీనియర్ల దెబ్బలకు ప్రాణాలు కోల్పోయిన తరువాత, అదే ఏడాది విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, దేశమంతటికీ వర్తించే నిబంధనలు ప్రకటించింది. నాటి నుంచి ప్రతి విద్యార్థీ, ప్రతి తండ్రో తల్లో ఏటా హామీపత్రం మీద సంతకం చేస్తున్నారు. ప్రతి హాస్టలు గోడ మీదా హెచ్చరిక బోర్డు ఉంది.

అయితే ఆ 2009 నిబంధనల్లో ఎవరూ బోర్డుల మీద రాయించని భాగం ఒకటి ఉంది. కొత్త విద్యార్థులు వచ్చిన వెంటనే వారిని చిన్న చిన్న బృందాలుగా విడదీయాలని, ఒక్కో బృందాన్ని ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలని, ఆ అధ్యాపకుడు బృందంలోని ప్రతి విద్యార్థితోనూ రోజూ విడిగా మాట్లాడి వారి ఇబ్బందులు తెలుసుకోవాలని అందులో ఉంది. కొత్తవారికి హాస్టల్లో వేరుగా బస కల్పించాలని కూడా ఉంది. అంటే ర్యాగింగును ఆపే నిబంధనలు రాసినవారు శిక్ష ఒక్కటే చాలదని గ్రహించారు. పలకరింపును ఒక విధిగా రాసి పెట్టారు. మన సంస్థలు శిక్షను గోడకెక్కించి పలకరింపును వదిలేశాయి. మీ కళాశాలలో మొదటి వారం ఏ అధ్యాపకుడు మీతో రోజూ విడిగా మాట్లాడారని ఏ పూర్వ విద్యార్థిని అడిగినా, ఆ ప్రశ్నే వింతగా తోస్తుంది.

సీనియరుకు అధికారం ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి నిదానంగా చూడాలి. తరగతులు మొదలైన రోజుకు హాస్టల్ గదుల కేటాయింపు పూర్తికాదు. మెస్ డిపాజిట్ కట్టిన రసీదు ఉంటే తప్ప గది రాదు, గది సంఖ్య తెలిస్తే తప్ప మెస్ కార్డు రాదు. ఈలోగా ఆ పిల్లవాడు ఎక్కడ పడుకోవాలి? ఎవరో ఊరివాడి గదిలో, లేదా ఊరివాడికి తెలిసినవాడి గదిలో, అతిథిగా పడుకుంటాడు. భోజనం అతడి కార్డు మీదే. ఏ కార్యాలయంలో ఏ కాగితం ఇవ్వాలి, ఫీజు రీయింబర్స్‌మెంటుకు వేలిముద్ర ఎప్పుడు వేయాలి, ఏ ఆచార్యుడు హాజరు విషయంలో పట్టుబడతారు, పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయి అన్న సమాచారమంతా సీనియర్ల దగ్గరే ఉంటుంది. సంస్థ తన చేతులతో అందించాల్సిన గది, అన్నం, సమాచారం ఈ మూడింటినీ ఒక సీనియర్ చేతిలో పెట్టి, ఆ తరువాత జూనియర్ అతడికి లొంగకూడదని ఆశించడం న్యాయం కాదు. మంచి సీనియర్ దొరికితే ఆ పిల్లవాడు గట్టెక్కుతాడు. నిజానికి చాలామంది సీనియర్లు మంచివారే, తాము పడ్డ కష్టం తమ్ముళ్లు పడకూడదనుకొనేవారే. చెడ్డవాడు దొరికినప్పుడు మాత్రం ఆ లొంగుబాటుకు హద్దు ఉండదు. ఒక విద్యార్థి బతుకు ఆ అదృష్టం మీద ఆధారపడకూడదు.

ఇంకొకటి ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుతాం. మన ప్రాంగణాల్లో కొత్తవారిని అడిగే తొలి ప్రశ్నల్లో "ర్యాంకెంత?" ఒకటి. పైకి అది చదువు గురించిన ప్రశ్న. లోపల అది కులం గురించిన ప్రశ్న. ర్యాంకు చెప్పగానే సీటు ఏ కోటాలో వచ్చిందో లెక్క కట్టేస్తారు. "ఇంటిపేరేమిటి?" అన్న ప్రశ్న దాని వెనుకే వస్తుంది. ఒక్క చెంపదెబ్బ లేకుండా, ఏ చట్టానికీ చిక్కకుండా, ఆ రెండు ప్రశ్నలతో ఒక విద్యార్థిని నాలుగేళ్ల పాటు ఒక మూలన కూర్చోబెట్టవచ్చు. ఆ ప్రశ్నకు ముందే ఒక ఆచార్యుడు అందరి ఎదుటా నిలబడి, ఈ గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరూ హక్కుతో వచ్చారని, ర్యాంకు అవసరం కౌన్సెలింగ్ గదితో తీరిపోయిందని చెబితే, ఆ మాట ఎంత బలాన్నిస్తుందో విన్న వారికి తెలుస్తుంది. ఆ మాట చెప్పడానికి నిధులు అక్కర్లేదు, ఉత్తర్వులు అక్కర్లేదు.

సరైన ఆలోచన మన దగ్గర లేకపోలేదు. సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, ఇంజినీరింగ్ కళాశాలలకు మూడు వారాల పరిచయ కార్యక్రమాన్ని రూపొందించింది. దాని మూలాల్లో ఒకటి హైదరాబాదులోనే ఉంది. 2005 నుంచి ట్రిపుల్ ఐటీ హైదరాబాదులో నడిచిన మానవ విలువల పాఠం, 2011లో ఐఐటీ గాంధీనగర్ మొదలుపెట్టిన పునాది కార్యక్రమం, 2016లో కాశీలోని ఐఐటీ బీహెచ్‌యూలో జరిగిన ప్రయోగం కలిసి ఆ రూపం వచ్చింది. వ్యాయామం, ఏదో ఒక కళ, సాహిత్యం, చుట్టుపక్కల ప్రాంతాల సందర్శన, చిన్న బృందాల్లో సంభాషణ అందులోని అంశాలు. 2019లో యూజీసీ కూడా 'దీక్షారంభ్' పేరుతో డిగ్రీ, పీజీ సంస్థలకు ఇలాంటి మార్గదర్శికనే ఇచ్చింది. రెండేళ్లపాటు కార్పొరేట్ కళాశాల హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంట మోత ప్రకారం బతికి, వారాంతపు పరీక్షల మార్కులతో తనను తాను కొలుచుకున్న పిల్లలకు ఆ మూడు వారాలు చికిత్స లాంటివి. ఒక సాయంత్రాన్ని ఎలా గడపాలో తానే నిర్ణయించుకోవడం వారికి కొత్త. పక్కవాడు పోటీదారు కాదని నమ్మడం ఇంకా కొత్త.

ఆచరణలో ఆ మూడు వారాలు చాలాచోట్ల ఒకటి రెండు రోజులకు కుదించుకుపోయాయి. ఆ ఒక్క రోజూ ఉపన్యాసాలే. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, 75 శాతం హాజరు గురించిన హెచ్చరిక, క్యాంపస్ ఉద్యోగాల పట్టిక, భోజనం. పైగా మన ప్రవేశాల తీరు దానికి అడ్డం. కౌన్సెలింగ్ మొదటి విడత, రెండో విడత, తుది విడత, ఆపైన స్పాట్ ప్రవేశాలు అంటూ వారాల తరబడి సాగుతుంది. మొదటి విడతలో వచ్చిన వారికి స్వాగతసభ జరుగుతుంది. తుది విడతలో సీటు దొరికిన విద్యార్థి వచ్చేసరికి తరగతిలో బెంచీలు పంచుకోవడం, స్నేహాలు కుదరడం అయిపోతాయి, రెండు యూనిట్ల పాఠం కూడా దాటిపోతుంది. తక్కువ ర్యాంకుతో, ఎక్కువ భయంతో వచ్చే ఆ చివరి విద్యార్థికే స్వాగతం అన్నిటికన్నా ఎక్కువ అవసరం, అతడికే అది అందదు. ఇక ఫ్రెషర్స్ డే సంగతి చెప్పనక్కర్లేదు. చాలా ప్రాంగణాల్లో అది దసరా దాటాక, సీనియర్లు చందాలు పోగుచేసి జరిపే వేడుక. ఆనాటికి స్వాగతం అవసరమైన రోజులన్నీ గడిచిపోయి ఉంటాయి.

దీనికి ఎదురుగా వినిపించే మాటలు నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లు నిండినవారిని చేయిపట్టి నడిపించాలా అని ఒకరంటారు. సెమిస్టరుకు ఉన్నదే 90 పనిదినాలు, అందులో మూడు వారాలు పోతే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని మరొకరు అడుగుతారు. అధ్యాపక పోస్టులే ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి, ఒక్కో బృందానికి ఒక్కో అధ్యాపకుణ్ణి ఎక్కడి నుంచి తేవాలన్నది మూడో ప్రశ్న, అది బరువైన ప్రశ్న కూడా. ఖాళీలు నింపాల్సిందే. కానీ ఉన్న అధ్యాపకులు రోజుకు ఒక గంట కేటాయించడానికి ఖాళీలు అడ్డు కావు. మొదటి నెలలో బెదిరిపోయిన విద్యార్థికి చెప్పిన సిలబస్ ఎలాగూ చెవికెక్కదు. కొత్త చోట దారి చూపడాన్ని పసితనంగా లెక్కించడం కూడా సరికాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ముప్పై ఏళ్ల మనిషికి శిక్షణ ఇస్తున్నాం, దాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను పీజీలో చేరినప్పుడు తెలుగు మాధ్యమం నుంచి వచ్చాను. మొదటి వారం పాఠాల్లో నాకు అర్థమైన వాక్యాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గ్రంథాలయంలో కార్డుల బీరువా ముందు ఏ సొరుగు లాగాలో తెలియక నిలబడి ఉంటే, అక్కడి అటెండర్ ఒకాయన దగ్గరకు వచ్చి "ఏ ఊరు బాబూ?" అని అడిగారు. ఊరు చెప్పాక, కార్డు మీది అంకెలు ఎలా చదవాలో, ఏ వరుసలో వెతకాలో, పుస్తకం దొరకకపోతే ఎవరిని అడగాలో తెలుగులో పది నిమిషాలు చెప్పారు. ఆ రోజు నుంచి ఆ భవనం నాదైంది. ఆ విశ్వవిద్యాలయం నన్ను ఆహ్వానించింది ఆ పది నిమిషాల్లోనే. ఆ పని ఆయన ఉద్యోగ విధుల్లో ఎక్కడా రాసి లేదు.

ఆయన చెప్పినది తెలుగులో కాబట్టే నాకు చేరింది. అసలు విషయం నా దృష్టిలో ఇక్కడే ఉంది. ఏ స్వాగతసభకైనా వెళ్లి చూడండి. ఎదురుగా కూర్చున్నవారిలో అత్యధికులు తెలుగు ఇళ్ల పిల్లలు, వేదిక మీద ఉన్నవారూ తెలుగువారే, ప్రసంగం మాత్రం ఇంగ్లిషులో. వెనుక వరుసలో కూర్చున్న తల్లిదండ్రులకు ఒక్క ముక్కా అందదు. అర్థంకాని భాషలో ఆహ్వానిస్తే ఆ విద్యార్థికి అందే సందేశం ఒకటే, ఇది నీ చోటు కాదని. ఈనాడు ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది కాబట్టి సమస్య తీరిపోయిందనుకోవడం పొరపాటు. పుస్తకం ఏ భాషలో ఉన్నా సందేహం కలిగేది ఇంటి భాషలోనే. తరగతిలో లేచి నిలబడి ఆ సందేహాన్ని తెలుగులో అడగవచ్చని ఎవరూ అనుమతి ఇవ్వకపోవడం వల్ల ఎందరో నాలుగేళ్లు నోరు విప్పకుండా పట్టా పుచ్చుకొని వెళ్లిపోతున్నారు.

ఉస్మానియా చరిత్రలోని ఒక విషయం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. ఆ విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చే అనువాద విభాగం అంతకుముందు ఏడాదే, 1917లో, పని మొదలుపెట్టింది. అంటే తొలి విద్యార్థి తరగతిలో అడుగుపెట్టకముందే అతడి కోసం భాషను సిద్ధం చేశారు. నైజాం రాజ్యంలో అధిక సంఖ్యాకులైన తెలుగువారికి ఆ ఉర్దూ సొంత భాష కాదన్నది నిజం, ఆ అన్యాయాన్ని మరచిపోనక్కర్లేదు. కానీ విద్యార్థి రాకముందే సంస్థ సిద్ధపడాలన్న ఆ పద్ధతి సరైనది. 1926లో కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతిగా మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెనుక కూడా తెలుగువారికి తమదైన ఒక విద్యాపీఠం కావాలన్న ఆకాంక్షే ఉంది. 1968లో తెలుగు అకాడమీ పుట్టినప్పుడు ఉన్నత విద్యను తెలుగులోకి తేవడమే దాని పని అన్నారు. 2021లో ఏఐసీటీఈ ఇంజినీరింగ్ బోధనకు అనుమతించిన ఎనిమిది భారతీయ భాషల్లో తెలుగు ఒకటి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలన్నింటినీ ఇంగ్లిషు మాధ్యమానికి మార్చింది. ఒక చేత్తో తెరిచిన తలుపును మరో చేత్తో మూశాం.

ఇంగ్లిషు వద్దని నేను అనడం లేదు. ఉద్యోగానికి, పరిశోధనకు, పరదేశానికి అది కావాలి, దాన్ని బాగా నేర్పాలి. కానీ తెలుగు వింటూనే ఇంగ్లిషులోకి నడిచే వంతెన మొదటి సెమిస్టరులో ఉండాలి. ప్రతి విభాగం తన శాస్త్రంలోని మూడు నాలుగు వందల కీలక పదాలకు తెలుగులో వివరణ రాసి ఒక చిన్న పుస్తకంగా తొలిరోజే విద్యార్థి చేతిలో పెట్టడం ఆ విభాగానికి ఒక వేసవి పని. సందేహాలు తెలుగులో అడగవచ్చని, జవాబు తెలుగులో వస్తుందని మొదటి తరగతిలోనే చెప్పడం ఒక నిమిషం పని.

ఇవన్నీ ఈ ఏడాదే చేయవచ్చు. సీట్లు కేటాయించిన రోజే కన్వీనర్ కార్యాలయం నుంచి ప్రతి కళాశాలకూ జాబితా వస్తుంది. అందులో విద్యార్థి పేరుంటుంది, దరఖాస్తులో ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. ఇరవై మందికి ఒక అధ్యాపకుడు చొప్పున ఆ జాబితాను పంచుకొని, విద్యార్థి బయలుదేరకముందే ఇంటికి ఫోన్ చేసి, ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ కాగితాలు తేవాలి, వచ్చిన రాత్రి ఏ గదిలో పడుకోవాలి అన్నది తెలుగులో తల్లిదండ్రులకు కూడా చెప్పవచ్చు. రెండో విడత వారికి, స్పాట్ ప్రవేశాల్లో చేరిన వారికి కూడా అదే ఫోన్ వెళ్లాలి. ఆ ఫోన్ చేసిన అధ్యాపకుడి పేరు, గది నంబరు ఆ పిల్ల ఒక కాగితం మీద రాసుకొని ఫైలులో పెట్టుకుంటుంది. పరిపాలనా భవనం ముందు దిగాక ఆమె ముందుగా అడిగేది ఆ పేరే.