దొరికిన నాణెం ఎందుకు దాస్తారు?

కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరిలో తొలకరి పడగానే జనం చేలల్లోకి దిగి వజ్రాలు వెతుకుతారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాదు, పొరుగు జిల్లాల నుంచి కూడా మూటాముల్లె సర్దుకుని వచ్చి చెట్ల కింద మకాం వేస్తారు. ఇదే మండలంలోని చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబర్‌లో మరో రకం వేట మొదలైంది. ప్రభుత్వ అనుమతితో, పోలీసు కాపలాలో గుప్తనిధుల కోసం తవ్వకాలు చేశారు. ఎముకలు, పాత ఇటుకలు బయటపడ్డాయి. నిధి మాత్రం లేదు.

ఆ చుట్టుపక్కలే ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయని 1920ల చివర్లో గుర్తించింది చరిత్రకారుడు కాదు, భూగర్భ శాస్త్రవేత్త. ఖనిజాల పని మీద తిరిగే మనిషి. రాతి మీద గీతలు కనిపిస్తే, తన పని కాదులే అని వదిలేయకుండా తెలియాల్సిన వాళ్లకు తెలియజేశాడు. అశోకుడి పెద్ద శాసనాలు, చిన్న శాసనాలు రెండూ ఒకేచోట ఉన్న అరుదైన ప్రదేశం అలా లోకానికి తెలిసింది. అమ్మితే పైసా రాని గీతలవి.

వర్షానికి తేలిన రాయిని ఏరుకుంటే చరిత్రకు వచ్చే నష్టం పెద్దగా లేదు. నా బాధంతా చెన్నంపల్లి లాంటి వేట గురించే. ఇప్పుడు దానికి కొత్త పనిముట్టు చేతికొచ్చింది, మెటల్ డిటెక్టర్. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొస్తుంది. పాడుబడ్డ కోటగోడ పక్కన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేల మీద చక్రం తిప్పుతూ, బీప్ రాగానే పలుగు అందుకునే రీళ్లు కూడా వస్తున్నాయి. కింద కామెంట్లలో నూటికి తొంభై మంది అడిగేది ఒకటే: మిషన్ రేటెంత అన్నా?

ఆ యంత్రం చేసే పని చిన్నదే. చక్రంలోని తీగచుట్ట నుంచి అయస్కాంత క్షేత్రం నేలలోకి వెళ్తుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ ప్రవాహం పుట్టి తిరిగి సంకేతం పంపిస్తుంది. మామూలు డిటెక్టర్‌కి నాణెమంత వస్తువు జానెడు లోతులో తెలుస్తుంది, మహా అయితే ఇంకొంచెం. నాగలి కర్రు ముక్కకీ, కూల్‌డ్రింక్ మూతకీ మోగుతుంది. ఇనుము ఎక్కువున్న ఎర్ర నేలల్లో ఏమీ లేకపోయినా మోగుతుంది. కుండ పెంకు, ఎముక, ఇటుక, మాడిన గింజ దానికి అసలే కనపడవు. పురావస్తు శాఖ వాళ్లు ఒక ఊరి వయసు తేల్చేది ముఖ్యంగా వీటితోనే. యాభై అడుగుల లోతులో, అరకిలోమీటరు దూరంలో బంగారం చూపిస్తామంటూ లక్షలకు అమ్మే 'స్కానర్'ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబు అమ్మినవాళ్ల తమ్ముళ్లే ఇవీ అమ్ముతున్నారు.

అంజనం వేసేవాడి స్థానంలోకి స్కానర్ వచ్చిందంతే, నమ్మకం పాతదే. ఎదురుకాళ్లతో పుట్టినవాడికి నిధి కనపడుతుందని, లంకెబిందెలకు పాము కాపలా ఉంటుందని, నంది కడుపులో వజ్రాలుంటాయని చిన్నప్పటి నుంచీ విన్నవే. పొలాల మధ్య దీపం కూడా లేని శివాలయాల్లో నంది పగిలి రెండు ముక్కలై ఉంటుంది, ధ్వజస్తంభం మొదట్లో గొయ్యి ఉంటుంది. జిల్లా పేజీల్లో ఈ వార్త ఎప్పుడూ ఒకేలా రాస్తారు: 'గుర్తు తెలియని దుండగులు'. ఆ నందిని ఏ శతాబ్దంలో చెక్కారో, పక్కన ఏ శాసనం ఉండేదో మూడో లైన్‌కైనా రాదు.

ఈ ఆశకు మనం కట్టిన మూల్యం చిన్నది కాదు. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కడుతున్నప్పుడు అక్కడి బౌద్ధ స్తూపపు దిబ్బను తవ్వించారు. కట్టడాలకు రాళ్ల కోసమే కాక, లోపల నిధి ఉందన్న ఆశ కూడా కారణమని చెబుతారు. బ్రిటిష్ సర్వే అధికారి కల్నల్ మెకంజీ మొదటిసారి వచ్చి చూసింది ఆ రోజుల్లోనే. 1816లో ఆయన మళ్లీ వచ్చేసరికి స్తూపం నడిబొడ్డున చెరువు తవ్వేసి ఉంది. శిల్పఫలకాలు కొన్ని మెట్లయ్యాయి, కొన్ని సున్నపు బట్టీకి పోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చూడాలంటే ఇప్పుడు చెన్నైకో లండన్‌కో వెళ్లాలి. (లండన్ నుంచి తిరిగి తేవాలని మనం గట్టిగానే అడుగుతాం. బట్టీకి పోయినవాటి గురించి అడగడానికి ఎవరూ లేరు.)

భట్టిప్రోలు కథ ఇంకోలా నడిచింది. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే అక్కడికి వెళ్లేటప్పటికే బౌద్ధ స్తూపం ఇటుకలు, రాళ్లు చాలావరకు రోడ్ల పనికీ కాలువల పనికీ పోయాయి. గర్భం మాత్రం మిగిలింది. అందులో రాతి పేటికలు, వాటి లోపల స్ఫటిక భరిణె, బంగారు పూలు, పూసలు దొరికాయి. డిటెక్టర్ పట్టుకున్నవాడు ముందుగా అక్కడికి చేరి ఉంటే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. బంగారు పూలు జేబులోకి, రాతి పెట్టె గట్టు మీదికి. కానీ భట్టిప్రోలు పేరు ప్రపంచం లిపి పుస్తకాలన్నిటిలో ఉన్నది ఆ రాతి పెట్టె వల్లే. దాని మీదున్న బ్రాహ్మీ అక్షరాలు అశోకుడి బ్రాహ్మీకి దగ్గరగా ఉంటూనే కొన్ని చోట్ల తేడాగా ఉన్నాయి. దక్షిణాదిలో రాత ఎలా ఎదిగిందో చెప్పాలంటే వాటిని దాటి పోవడానికి లేదు. కుబిరకుడనే రాజు పేరు తెలిసిందీ అక్కడి రాతల వల్లే. బంగారు పూలు అందంగానే ఉంటాయి, కానీ వాటిమీద ఏమీ రాసి లేదు.

అలాగని తప్పంతా యంత్రం మీదికి నెట్టడం నాకిష్టం లేదు. అమెరికాలోని మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ అనే యుద్ధభూమి ఉంది. 1876లో జనరల్ కస్టర్ దళాన్ని లకోటా, షయాన్ యోధులు ఓడించిన చోటు. 1983లో కార్చిచ్చుకు గడ్డి కాలిపోయి నేల బయటపడితే, మరుసటి ఏడాది పురావస్తు శాస్త్రవేత్తలు మెటల్ డిటెక్టర్లు వాడే వలంటీర్లనే పిలిచి వరుసలు కట్టించి నడిపించారు. బీప్ వచ్చిన చోటల్లా చిన్న జెండా పాతారు. తూటా గానీ, ఖాళీ తొడుగు గానీ ఎక్కడ దొరికిందో కొలిచి మ్యాపు మీద పెట్టాకే తీశారు. తొడుగు వెనక తుపాకీ పిన్ను పడ్డ గుర్తును బట్టి ఒకే తుపాకీ ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో పట్టగలిగారు. వందేళ్లుగా చెప్పుకుంటున్న వీరోచిత కథను ఈ ఇత్తడి ముక్కలు సరిదిద్దాయి. వాటిని ఏరి సంచిలో పోసుకుని ఉంటే మిగిలేది పాతసామాన్ల కొట్టు సరుకే.

డిటెక్టర్ అభిమానులు ఎప్పుడూ ఇంగ్లండ్‌ను చూపిస్తారు. చూడాల్సిందే, కానీ పూర్తిగా చూడాలి. 1992లో సఫోక్‌లోని హాక్స్న్ గ్రామంలో ఒక రైతు సుత్తి పొలంలో పోయింది. వెతికిపెట్టమని డిటెక్టర్ ఉన్న స్నేహితుడిని పిలిచాడు. సుత్తికి బదులు రోమన్ నాణేలు, వెండి చెంచాలు పైకి రావడం మొదలైంది. డిటెక్టర్ పట్టిన ఆ పెద్దాయన తవ్వడం ఆపేసి పోలీసులకూ స్థలం సొంతదారైన కౌన్సిల్‌కూ కబురు పెట్టాడు. మర్నాడే పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి మిగతాది పద్ధతిగా తీశారు. మొత్తం 15,234 నాణేలు. పెట్టె కుళ్లిపోయినా, వస్తువులు ఉన్నచోట ఉన్నట్టే దొరికాయి కాబట్టి లోపల ఏది ఎక్కడ సర్దారో కూడా చెప్పగలిగారు. 17.5 లక్షల పౌండ్ల బహుమతి ఇస్తే ఆయన రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

2015లో అదే దేశంలో, లెమ్‌స్టర్ దగ్గర ఇద్దరు డిటెక్టర్ వేటగాళ్లకు వైకింగుల కాలపు నిధి దొరికింది. వీళ్లు చెప్పలేదు, విడివిడిగా అమ్మేశారు. దాదాపు 300 నాణేలు ఉన్నాయని అంచనా, 2019లో వీళ్లకు శిక్ష పడే నాటికి పోలీసుల చేతికి వచ్చినవి 31. ఆ కొద్దిపాటి నాణేల్లోనే ఆల్‌ఫ్రెడ్ రాజు, ఆయన పొరుగు రాజు రెండో చెయోల్‌వుల్ఫ్ కలిసి పనిచేశారని చెప్పేవి ఉన్నాయి. ఆల్‌ఫ్రెడ్ ఆస్థానపు రాతలేమో ఆ రెండో రాజును వైకింగుల కీలుబొమ్మగా కొట్టిపారేశాయి. గెలిచినవాడి గుమాస్తా రాసినదాన్ని నాణేలు కాదంటున్నాయి. అమ్ముడుపోయినవి ఇంకేం చెప్పేవో తెలుసుకునే దారి లేదు. దొంగలిద్దరూ జైలుకు వెళ్లారు, అది వేరే సంగతి.

రెండు చోట్లా దేశం ఒకటే, యంత్రమూ అలాంటిదే. ఒకడు ఎందుకు చెప్పాడు, ఇంకొకరు ఎందుకు దాచారు? మనుషుల గుణం కొంత ఉంటుంది, కాదనను. కానీ ఆ దేశం చెప్పినవాడికి లాభం ఉండేలా ఏర్పాటు చేసుకుంది. హాక్స్న్ నాటికే ఉన్న బహుమతి పద్ధతిని 1996 చట్టం ఖాయం చేసింది: నిధిని మ్యూజియం తీసుకుంటే మార్కెట్ విలువ కట్టి ఇస్తారు. నిధి కిందికి రాని చిల్లర వస్తువులను నమోదు చేయడానికి 1997 నుంచి వేరే పథకం ఉంది. ఒక్కో ప్రాంతానికి ఒక అధికారి ఉంటాడు. వస్తువు చూసి, ఫొటో తీసి, దొరికిన చోటు రాసుకుని తిరిగి ఇచ్చేస్తాడు. అలా 15 లక్షలకు పైగా వస్తువులు రికార్డుకు ఎక్కాయి. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా డిటెక్టర్ తిప్పితే మాత్రం అక్కడ కూడా నేరమే. పక్కనున్న ఐర్లండ్ ఇంకా కఠినంగా ఉంది. లైసెన్స్ లేకుండా పాత వస్తువుల కోసం డిటెక్టర్ వాడటాన్నే 1987లో నిషేధించింది.

ఇక మన సంగతి. మనకు గుప్తనిధుల చట్టం ఉంది, 1878 నాటిది. 10 రూపాయల విలువ దాటిన నిధి నేలలో దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి. చెప్పకపోతే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది రెండో సగం. దాచి వందేళ్లు దాటి, సొంతదారుడు లేడని తేలిన నిధి దొరికినవాడికి చెందుతుంది. నేల వేరేవాళ్లదైతే, వాళ్ల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, మూడొంతులు దొరికినవాడికి, నాలుగో వంతు నేల యజమానికి. 'దొరికితే మొత్తం గవర్నమెంటుదే' అని ఏ రచ్చబండ మీద అడిగినా చెబుతారు. చట్టం అలా అనలేదు.

అసలు తిరకాసు ఇంకోచోట ఉంది. నిధిని ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే, ఆ లోహం విలువ కట్టి, దానిమీద ఐదో వంతు కలిపి ఇస్తే చాలు. చరిత్ర విలువకు ఇచ్చేది ఇరవై శాతం అన్నమాట. గుర్తులు గుద్ది చేసిన పాతకాలపు వెండి విద్ధాంక నాణెం మూడున్నర గ్రాములకు మించదు, దాని వెండి ఖరీదు ఎంతని? శాతవాహనుల నాణేల్లో ఎక్కువ భాగం సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహం. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన నాణేల మీద గోభద, సమగోప లాంటి రాజుల పేర్లున్నాయి. ఆ నాణేలే లేకపోతే వాళ్లు ఉన్నారనే మనకు తెలిసేది కాదు. శాతవాహన వంశానికి ఆద్యుడు సిముకుడి పేరుతో నాణేలు దొరికిందీ అక్కడే. అలాంటి సీసపు బిళ్ల ఒకటి రైతు చేతికొస్తే, చట్టం లెక్కన దాని రేటు తుక్కు సీసం రేటు, పైన ఐదో వంతు. నాణేలు సేకరించేవాళ్ల మనిషి అంతకు ఎన్నో రెట్లు, అదీ అప్పటికప్పుడు చేతిలో పెడతాడు, ప్రశ్నలు వేయడు.

డబ్బుకు తోడు భయం. ఉపాధి హామీ పనిలోనో, ఇంటి పునాదుల్లోనో గడ్డపారకు కుండ తగిలిందనుకోండి. చెప్పినవాడికి మొదట ఎదురయ్యేది మ్యూజియం మనిషి కాదు, పోలీసు జీపు. ఇంకెన్ని దాచావన్న ప్రశ్న, స్టేషన్ చుట్టూ తిరుగుడు, ఊళ్లో వాళ్ల చూపులు. ఈ టెన్షన్ ఎందుకని పక్క ఊరి కంసాలి దగ్గరికి పోతే రాత్రికి రాత్రి అన్నీ కరిగి కడ్డీ అవుతాయి. ఇలాంటి కేసులు బయటికొచ్చేది తరచూ పంపకాల్లో తేడా వచ్చినప్పుడే. అంటే మన దేశంలో పురావస్తు సమాచార వ్యవస్థ వాటాదారుల గొడవల మీద ఆధారపడి నడుస్తోంది.

అందుకని ఇంగ్లండ్‌లాగా హాబీ పేరుతో డిటెక్టర్లను పొలాల మీదికి వదలమంటానా? అనను. దున్నిన మట్టిలో పొరలు ఎలాగూ చెదిరిపోయాయి కదా, తీసి నమోదు చేస్తే నష్టమేంటన్న వాళ్ల వాదనలో పస ఉంది. ట్రాక్టర్ నాగళ్లు దిబ్బల్ని చదును చేస్తున్న మన దగ్గరా అది కొంత వర్తిస్తుంది. కానీ అక్కడ వస్తువు రాసుకునేవాడున్నాడు. ఇక్కడ లేడు. పైగా పాత ఊళ్ల ఆనవాళ్లున్న మన పాటిదిబ్బల్లో చాలావాటికి కంచె కాదుగదా బోర్డు కూడా లేదు. రక్షిత కట్టడాల దగ్గర ఉల్లంఘనకు రెండేళ్ల జైలు, లక్ష జరిమానా అని 2010లో శిక్ష పెంచారు. జాబితాలోనే లేని దిబ్బకు అదేం కాపలా కాస్తుంది? తెచ్చుకోవాల్సింది వాళ్ల వేటను కాదు, వాళ్ల రసీదు పుస్తకాన్ని.

దానికి కొత్త శాఖ పెట్టక్కర్లేదు. తహసీల్దార్ ఆఫీసులో దొరికిన వస్తువు చూపిస్తే ఫొటో తీసి, సర్వే నంబరు, లోతు రాసుకుని రసీదు ఇవ్వాలి. తనంతట తాను వచ్చి చెప్పినవాడిని నిందితుడిలా చూడకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఉండాలి. విలువ కట్టేటప్పుడు లోహం తూకం కాకుండా నాణేల మార్కెట్ ధర చూడాలి, డబ్బు ఫలానా నెలలోపు ఇవ్వాలి. ఇందులో చట్టసవరణ కావాల్సింది ధర విషయానికే. ఆన్‌లైన్‌లో డిటెక్టర్ అమ్మేవాళ్లు కొన్నవాడి వివరాలు ఉంచాలన్న నిబంధన కూడా పెట్టొచ్చు. దానివల్ల ఒరిగేది కొంతే.

డబ్బెక్కడిదని అడుగుతారు. 2012లో హైదరాబాద్ నడిబొడ్డున, సచివాలయం పక్కనే ఒక స్కూలు ఆవరణలో నిధి కోసం తవ్వారు. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో వెయ్యి టన్నుల బంగారం ఉందని ఒక సాధువు కలగంటే, కేంద్ర పురావస్తు శాఖే తవ్వకానికి దిగింది. టీవీ చానళ్లు లైవ్ ఇచ్చాయి. కుండ పెంకులు, మేకులు, పాత గోడ కనిపించాయి, బంగారం లేదు. ఆ తర్వాత చెన్నంపల్లి. కలలకూ పుకార్లకూ యంత్రాంగాన్ని కదిలించగలిగిన ప్రభుత్వాలకు జిల్లాకొక నాణేలు తెలిసిన మనిషి బరువవుతాడా? అమరావతిలో దొరికిన 7 వేలకు పైగా వెండి విద్ధాంక నాణేలు మ్యూజియంకు చేరాయి కాబట్టి 1963లో నాణేల నిపుణుడు పి.ఎల్. గుప్తా వాటన్నిటికీ కేటలాగు తయారు చేయగలిగారు. ఏ గుర్తు ముందుదో, ఏది తర్వాతదో వరుస కట్టాలన్నా, ఏ నాణెం ఎంత చేతులు మారి అరిగిందో తూచి చూడాలన్నా అన్ని నాణేలూ ఒకేచోట ఉండాలి. ఇప్పుడు అలాంటి కుండ ఒకటి ఎవరి చేలోనైనా బయటపడితే అందులో ఎన్ని మ్యూజియం దాకా వస్తాయో, పాత చట్టంలోని ఆ ఐదో వంతును సవరించే అధికారం ఉన్నవాళ్లే చెప్పాలి.