మహారాజశ్రీ ఈఎన్‌టీజే గారికి

మహారాజశ్రీ నాలుగక్షరాల ఈఎన్‌టీజే గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా టీమ్ క్షేమ సమాచారం మాత్రం వాళ్లనే విడిగా, నేను లేనప్పుడు అడిగి తెలుసుకోగలరు.

మన పరిచయం ఆఫీసు వర్క్‌షాప్‌లో జరిగింది. మనుషులకు నాలుగక్షరాల పేర్లు పెట్టే మైయర్స్-బ్రిగ్స్ వ్యక్తిత్వ పరీక్ష అని, ఒక పూటంతా ప్రశ్నలకు టిక్కులు పెట్టించి, చివర్లో ఒక కాగితం చేతికిచ్చారు. దాని మీద మీరున్నారు. కింద చిన్న అక్షరాల్లో నా గురించి రాసుంది: విశ్లేషణ నా రక్తంలోనే ఉందట. నిర్ణయం తీసుకోవడానికి తడుముకోనట. అసమర్థతను సహించలేనట. పుట్టుకతోనే నాయకురాలినట. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లు ఇంట్లోవాళ్లకు అర్థం కాని మనిషిని, ఒక్క పూటలో ఒక కాగితం అర్థం చేసుకుంది! మర్నాడే దాన్ని మానిటర్ పక్కన అంటించేశాను.

నిజం చెప్పాలంటే మీరు నాకు మేలే చేశారు. మీరొచ్చేదాకా నా గుణాలన్నిటికీ తెలుగులో ఒకటే పేరుండేది: గయ్యాళి. అదే మాట, అదే గొంతుతో పక్క క్యాబిన్లో మగవాడు అంటే 'క్లారిటీ ఉన్న మనిషి' అనేవారు. మీరొచ్చాక నా నోటిదురుసు 'డైరెక్ట్ కమ్యూనికేషన్' అయింది. పెత్తనం 'లీడర్‌షిప్' అయింది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదిస్తే 'విజన్' అయింది. ఎవరైనా నొచ్చుకుంటే, "ఏం చేయను, నేను ఈఎన్‌టీజే" అని భుజాలెగరేసేదాన్ని. జలుబు చేసినవాడు తుమ్మి క్షమాపణ చెప్పినంత తేలిగ్గా. నేనైతే క్షమాపణ కూడా చెప్పేదాన్ని కాదు.

మిమ్మల్ని అంత నెత్తిన పెట్టుకున్నదాన్ని, మీ అక్షరాల అర్థం మాత్రం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఈ అంటే ఎక్స్‌ట్రావర్షన్, నలుగురిలో ఉంటేనే బ్యాటరీ ఎక్కే రకం. ఎన్ అంటే ఇంట్యూషన్. పాపం, దాని మొదటి అక్షరాన్ని ఇంట్రోవర్షన్ ముందే కబ్జా చేసింది కాబట్టి రెండో అక్షరంతో సరిపెట్టుకుంది. చేతిలో ఉన్న వివరం కన్నా, దాన్నిబట్టి రేపేమవుతుందన్న ఊహ మీదే ధ్యాస ఉండడమని దానర్థం. టీ అంటే థింకింగ్. అంటే మిగతావాళ్లకు బుర్ర లేదని కాదట, నిర్ణయం దగ్గరికొచ్చేసరికి మనుషుల కన్నా తర్కం ముందుండడమట. ఇక జే, జడ్జింగ్. ఇది తీర్పులు చెప్పడం కాదు. ఏ సంగతైనా తేల్చేసి అవతల పడేస్తే గానీ మనసు నిలవకపోవడం. నేను తీర్పులనే అనుకున్నాను. ఏడాది పాటు చెప్పాను కూడా.

తమరి వంశ చరిత్ర కూడా తిరగేశాను. మూలం పాతదే. తెలివీ, కోపం, దూకుడు కలిసిన మనిషిని చూసి, ఒంట్లో పసుపు పిత్తం ఎక్కువైందని రెండో శతాబ్దంలో గేలన్ లాంటి గ్రీకు వైద్యులు తేల్చారు. పిత్తం ఎక్కువైన మనిషిని మనం తెలుగులో ఏమంటామో మీకు తెలుసు. అంటే నాకున్నది పైత్యమని మా అమ్మ ఏ పరీక్షా పెట్టకుండానే చెప్పిందన్నమాట. తర్వాత 1921లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ మనుషుల తీరుల మీద పుస్తకం రాశారు. 1923లో అది ఇంగ్లీషులోకి వచ్చాక క్యాథరిన్ బ్రిగ్స్ అనే అమెరికా ఆవిడ పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, కొత్తగా ఉద్యోగాలకు వస్తున్నవాళ్లకు తగిన పని చూపించాలని ఆవిడ కూతురు ఇసబెల్ మైయర్స్ ప్రశ్నల పట్టిక తయారుచేసింది. ఇద్దరూ సైకాలజీ చదివినవాళ్లు కారు. ఇసబెల్ అయితే అప్పటికే ఒక డిటెక్టివ్ నవల రాసి పోటీలో బహుమతి గెలిచింది. నేరస్థుణ్ని చివరి పేజీలో పేరు పెట్టి చూపించే అలవాటు అక్కడిదేనేమో. తమరిలోని ఆ జే కూడా యూంగ్ పెట్టింది కాదు, ఈ తల్లీకూతుళ్లు కలిపిందే.

అలాగని వాళ్లను ఎద్దేవా చేయలేను. మనస్తత్వాన్ని పండితుల గదుల్లోంచి లాక్కొచ్చి, మామూలు మనిషికి 'నీకే పని నచ్చుతుంది?' అనే ప్రశ్నగా మార్చారు. ఆ ప్రశ్న మంచిదే. తమరిచ్చిన జవాబుతోనే నా పేచీ.

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన క్లాసులో 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకిచ్చి, ఎంత బాగా సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత తెలిసిందేమిటంటే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో వాక్యాలు చాలావరకు బడ్డీకొట్టులో అమ్మే జాతకాల పుస్తకంలోవి. ఇది చదివిన రోజు నేను మానిటర్ పక్కకు చూడలేకపోయాను.

సరే, మీ మీద అనుమానం తీర్చుకుందామని ఆరు వారాల తర్వాత అదే పరీక్ష మళ్లీ రాశాను. ఆ వారం ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు, రెండు రాత్రులు నిద్ర లేదు. టీ పోయి ఎఫ్, అంటే ఫీలింగ్, వచ్చింది. తమరి రకానికి ముద్దుపేరు కమాండర్, ఎఫ్ వచ్చిన రకానికి టీచర్. కమాండర్‌గా పడుకున్నదాన్ని, టీచర్‌గా లేచాను. ఇందులో వింతేమీ లేదని తర్వాత తెలిసింది. ఎత్తూ బరువుల్లాగే ఈ గుణాలు కూడా ఎక్కువమందిలో మధ్యస్తంగానే ఉంటాయి. మీరేమో సరిగ్గా ఆ మధ్యలోనే గీత గీసి, ఇటున్నవాళ్లు ఒక జాతి, అటున్నవాళ్లు ఇంకో జాతి అంటారు. రెండు టిక్కులు అటూ ఇటూ అయితే జాతి మారిపోతుంది. 1991లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి కమిటీ ఒకటి, కెరీర్ సలహాకు మిమ్మల్ని వాడడానికి తగినంత రుజువు లేదని రాసింది. ఉద్యోగానికి మనుషుల్ని ఎంచడానికి ఈ పరీక్ష వాడొద్దని మీ యజమానులే చెబుతారు. మందు సీసా మీదే 'లోపలికి తీసుకోరాదు' అని రాసి ఉంది. గుటకేసింది మేమే.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎక్కువగా నమ్మే అయిదు గుణాల కొలత వేరే ఉంది. మీరు వీరత్వంగా చూపించే నా స్వభావంలో సగాన్ని అక్కడ 'అగ్రియబుల్‌నెస్ తక్కువ', అంటే నలుగురితో సర్దుకుపోయే గుణం తక్కువ అంటారు. అలా రాసిచ్చిన కాగితాన్ని ఎవరు గోడకు అంటించుకుంటారు చెప్పండి? పైగా అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితనంతో ముడిపడిన గుణమేదని లెక్కలు తీస్తే, తేలింది దూకుడు కాదు. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు, జాగ్రత్తగా, టైముకు చేయడం. మా అకౌంట్స్‌లో కూర్చునే మనిషి గుణం. ఆయన్ని ఎవరూ కమాండర్ అనరు.

ఇక తమరిచ్చిన ఉద్యోగాల జాబితాకు వద్దాం. సీఈఓ, లాయరు, జడ్జి, సర్జను, పైలట్, మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్, సైన్యంలో అధికారి. అన్నీ కుర్చీలే. పని ఎక్కడ? లాయరంటే కోర్టులో బల్ల గుద్దడం అనుకున్నాను. నాకు తెలిసిన లాయరు రోజులో ఎక్కువ భాగం పాత కాగితాలు చదువుతూ, తేదీలు సరిచూస్తూ, ఏడుస్తున్న క్లయింటు మాట పూర్తిగా వింటూ గడుపుతుంది. కన్సల్టెంటు రాత్రి పదకొండింటికి స్లయిడ్‌లో గీతలు సర్దుతుంటాడు. జాబితాలో 'చెప్పేవాడు' మాత్రమే కనిపిస్తాడు. అదే కుర్చీలో కూర్చుని వినాల్సినవాడు కనిపించడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు, నవ్వుకోండి. మా టీమ్ పాత సిస్టమ్‌లోంచి కస్టమర్ల రికార్డుల్ని కొత్త సిస్టమ్‌లోకి మార్చే పనిలో ఉంది. గో-లైవ్, అంటే కొత్తది వాడకంలోకి వచ్చేది, మర్నాడే. మీటింగ్‌లో పన్నెండు మందిమి. నేను చేతిలో మార్కర్‌తో, బోర్డు ముందు, తమరి ఆశీస్సులతో నిలబడ్డాను. తక్కువ మాట్లాడే ఒకాయన చెయ్యెత్తారు. "మేడమ్, పన్నెండు దాటిన తేదీలకే ఎర్రర్ వస్తోంది. మిగతావి…"

"ఎర్రర్లు ఎన్ని?"

"నలభై ఒకటి. కానీ మిగతావి…"

"నలభై ఒకటే కదా, చేత్తో సరిచేసేయండి. నెక్స్ట్."

ఆయన చెయ్యి దించారు. నేను మీటింగ్‌ను పదిహేను నిమిషాల ముందే ముగించి, దానికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆయన చెప్పబోయింది ఇది. పాత సిస్టమ్‌లో రోజు ముందు, నెల తర్వాత. కొత్త దాంట్లో నెల ముందు, రోజు తర్వాత. 25వ తేదీ వస్తే కొత్త సిస్టమ్ 25వ నెల లేదని గోల చేస్తుంది, అది ఎర్రర్. 5-3 వస్తే మాత్రం నోరెత్తదు. మార్చి 5ను మే 3 చేసి, బుద్ధిగా దాచుకుంటుంది. అంటే ఎర్రర్ వచ్చినవి కావు, రానివే అసలు గండం. రెండు రోజుల తర్వాత వందల రికార్డుల్లో గడువు తేదీలు తారుమారయ్యాయి. పదకొండు రాత్రులు మెలకువగా కూర్చున్నాం. ఆయన కూడా మాతోనే కూర్చున్నారు. "నేను చెప్పానుగా" అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఎదురు వాదించేదాన్ని, అనకపోవడమే భరించలేకపోయాను.

నా ఖాతాలో రికార్డులే పోయాయి. తమరి జాబితాలోని కొన్ని కుర్చీల్లో ఇదే పని ప్రాణాల మీదికొస్తుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవి విమానాశ్రయంలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది పోయారు. వాటిలో ఒక విమానం కెప్టెన్, తన సంస్థ ప్రకటనల్లో ఫొటో వేసుకునేంత సీనియర్. అనుమతి రాకుండానే టేకాఫ్ మొదలుపెట్టాడు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీద ఉందేమోనని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. కెప్టెన్ కరాఖండిగా తోసిపుచ్చాడు. మళ్లీ గట్టిగా చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు. ఆ తర్వాత విమానయానంలో కొత్త శిక్షణ వచ్చింది. గట్టిగా మాట్లాడడం పక్క సీట్లోవాళ్లకు నేర్పారు. వినడం కెప్టెన్లకు నేర్పారు. గమనించారా? తమరు కెప్టెన్‌కు కితాబిచ్చే గుణాన్ని, వాళ్లు కోపైలట్‌కు కోర్సుగా పెట్టారు.

సర్జన్ల సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ గదికి 19 అంశాల చెక్‌లిస్ట్ ఇచ్చింది. కోత పెట్టే ముందు గదిలోని ప్రతివాళ్లూ తమ పేరూ, తమ పనీ పైకి చెప్పాలన్నది అందులో ఒకటి. ఒకసారి నోరు విప్పిన నర్సు, తేడా కనిపిస్తే రెండోసారి విప్పడానికి జంకదని. ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. 'పుట్టుకతో నాయకుడు' అన్నవాడి చేత ముందు పేరు చెప్పించి, పక్కవాళ్ల పేరు వినిపించారు.

ఇంతకీ నాలాంటివాళ్లు ఏం పని చేసుకు బతకాలి? నన్నడిగితే, తప్పు చేస్తే ఆ దెబ్బ తిరిగొచ్చి మన మొహానికే తగిలే పని చేయాలి. అత్యవసర విభాగం, కట్టడాల సైటు, ఆడిటింగ్, సగం సమాచారంతోనే ఈ పూటే తేల్చాల్సిన ఆపరేషన్స్ పని. వీటిలో లెక్క వేసే బుర్ర కావాలి, కాదన్నవాణ్ని కాదనే నోరూ కావాలి. వాటితోపాటు మన మాట తప్పని సాయంత్రానికల్లా తేల్చేసే వాస్తవం కూడా దగ్గర్లోనే ఉంటుంది. సలహా ఇచ్చి, బిల్లు వేసి, ఫలితం రాకముందే ఊరు దాటిపోయే ఉద్యోగం మాత్రం మాకివ్వకండి. అక్కడ మాకసలు మందే ఉండదు.

చివరిగా ఒక విషయం. మొన్న తమరి ప్రశ్నల పత్రం మూడోసారి తెచ్చాను. ఈసారి నేను నింపితే లాభం లేదనిపించింది. నేను ఎప్పుడు నింపినా, నేను అవ్వాలనుకున్న మనిషి నింపుతుంది. అందుకే ఆ తేదీల ఆయన దగ్గరికెళ్లి, నా తరఫున మీరు నింపండి అన్నాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, కూర్చుని, నెమ్మదిగా టిక్కులు పెట్టడం మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడ్డాను. మూడో ప్రశ్న దగ్గర, "అది కాదండీ, నేనలా చేయను" అన్నాను. ఆయన ఏమీ అనకుండా నాలుగోదానికి వెళ్లారు. ఆరో ప్రశ్న దగ్గర ఆగి తలెత్తారు.

"మేడమ్, మిగతావి…"

"మిగతావి నేను నింపుకుంటాలెండి, ఇలా ఇవ్వండి."

కాగితం నా చేతిలోకి వచ్చేసింది. ఆయన ఇంకా పెన్నుకు మూత పెట్టలేదు.

ఇట్లు,
తమరి విధేయురాలు
(ప్రస్తుతానికి ఏ అక్షరాలూ లేవు)